కనకదుర్గ గుమ్మంలో పొడి బూట్లు

కనకదుర్గ తన డేకేర్‌లో లెక్కకు మించి పిల్లల్ని కుక్కుతోందని మా వీధిలో ఓ పుకారు తిరుగుతోంది. దాన్ని సరిచేయకపోతే నాకు అన్నం సహించదు. కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో మా రెండిళ్లకూ మధ్య ఒక్క గోడే. ఆ ఇంట్లో పాలు పొంగినా నాకు తెలుస్తుంది.

కనకదుర్గది కాకినాడ. భర్త పోయాక ఇంట్లోనే డేకేర్ పెట్టింది. ఇల్లు నిలబడాలంటే అదొక్కటే ఆధారం. పప్పన్నం చూస్తే పారిపోయే పిల్లాడికి కూడా కథ చెప్పి నాలుగు ముద్దలు పెట్టేది. ఆ పిల్లల తల్లులు దాదాపు అందరూ ప్రభుత్వ ఆఫీసుల వాళ్లే.

ఈ రాష్ట్రం బతికేది చమురు అమ్ముకుని. చమురు ధర పడింది, ప్రభుత్వం ఖర్చులు కోసింది, ఆఫీసుల్లో ఉద్యోగాలు పోయాయి. ఇంట్లో కూర్చున్న తల్లి పిల్లను డేకేర్‌కు ఎందుకు పంపుతుంది? ఒక్కొక్కరే మానేశారు. కనకదుర్గ పాలు, అరటిపళ్లు కొనడం మానేసింది. అవి అమ్మే త్యాగరాజు తన కొట్లో పనిచేసే స్వీటీని మాన్పించాడు. ప్రభుత్వం మిగిల్చానంటున్నది ఎక్కడ మిగిలిందో, నాలుగో తరగతి చదివిన నాకైతే అంతుపట్టలేదు.

మరి అంతమంది పిల్లలున్నారన్న మాట ఎక్కడిది? అద్దం తలుపు వెనక బుల్లి బూట్లు బారులు తీరి ఉంటాయి. వాటిని చూసే ఎదురింటి రూప పుకారు పుట్టించింది. నేనూ చూశాను. మోకాలిలోతు మంచు పడిన రోజు కూడా ఒక్క బూటుకూ తడి లేదు. గోడకు చెవి ఆనిస్తే ఏడుపూ లేదు, నవ్వూ లేదు.

నిన్న ఒకమ్మాయి, మెడలో ఆసుపత్రి ఉద్యోగి కార్డు, చంకలో చంటిది, ఆ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది.

"ఏమ్మా, బెల్లు కొట్టవేం?" అన్నాను.

"ఫుల్ అయినట్టుంది కదా ఆంటీ, అన్ని బూట్లున్నాయి! వేరేచోట అప్లై చేస్తా."

ఆగమని అరిచేలోపే కారు కదిలిపోయింది. కోటైనా వేసుకోకుండా కనకదుర్గ ఇంట్లోకి దూసుకెళ్లాను.

"ఎవరివే ఆ బూట్లు?"

"పాదాలు పెరిగి పిల్లలు వదిలేసినవి పిన్నిగారూ. పొద్దున్నే పెడతాను, సాయంత్రం తీస్తాను. ఖాళీ గుమ్మం చూసి ఎవరైనా పిల్లని అప్పగిస్తారాండీ?"

"నీ తెలివి తగలెయ్య! ఇప్పుడే ఒకమ్మాయి అవి చూసి, చోటు లేదనుకుని వెళ్లిపోయింది."

కనకదుర్గ గోడకు ఆనుకుని ఆ బూట్ల పక్కనే కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

"ఇకనైనా తీసేస్తావా?"

"తీసేస్తే, రేపు పొద్దున్నే లేచి ఏం చెయ్యను పిన్నిగారూ?"