కొండపరుగులో తప్పిపోయిన రత్న

తడిపిన మట్టిమీద సున్నంతో గీతలు గీసినప్పుడు ఒక వాసన లేస్తుంది. చల్లగా, కాస్త ఘాటుగా, ముక్కులోంచి నేరుగా గొంతులోకి దిగుతుంది. పోయిన చలికాలంలో బంధువుల ఇంట్లో పెళ్లి చూసుకుని బాగేపల్లి నుంచి వస్తూ, దారిలోనే కదా అని మా పాత గవర్నమెంటు హైస్కూలు ముందు కారు ఆపించాను. లోపల పిల్లల ఆటలపోటీల క్రీడాకూటం జరుగుతోంది, నేల తడిపి గీతలు మళ్లీ గీస్తున్నారు. గేటు దగ్గర నిలబడి ఆ వాసన పీలుస్తూ ఉంటే, మా బడి మరిచిపోయినా నేను మరవలేని ఒక మధ్యాహ్నం గుర్తుకొచ్చింది.

మా ఊళ్లో చలికాలం అనపకాయలతో మొదలయ్యేది. పల్లెల నుంచి గోనెసంచుల్లో దిగే ఆ కాయల పచ్చి జిడ్డువాసన మా నాయన అంగడి నుంచి బడి గేటు దాకా వీధంతా పట్టి ఉండేది. ఆడవాళ్లు పొద్దుటెండలో అరుగులమీద కూర్చుని, నానిన గింజల్ని రెండు వేళ్లమధ్య పితుకుతుంటే పప్పు టప్పున ఎగిరి తపేలాలో పడేది. రాత్రికి ఆ పితికిన పప్పు పులుసులో వేడి రాగిముద్ద ముంచుకు తింటూ, పెద్దా చిన్నా అందరూ ఒకే మాట మాట్లాడుకునేవాళ్లు: ఈసారి కొండపరుగు ఎవరు గెలుస్తారని.

కొండపరుగు మా బడి ఆచారం. ఖోఖో, కబడ్డీ, త్రోబాల్ లాంటివి తాలూకాలో అన్ని బళ్లలోనూ ఉండేవి గానీ, బడి వెనకాల ఉన్న బండరాళ్ల కొండను ఉత్తకాళ్లతో ఎక్కి దిగడం మాకే సొంతం. పైన బడి అటెండరు జాజు కలిపిన చెంబు పెట్టుకుని కూర్చునేవాడు. ఎక్కి వచ్చిన ప్రతి బిడ్డ అరచేతికీ ఆ ఎర్రమన్ను పూసి పంపేవాడు. చివరి బిడ్డ కూడా కిందికి దిగి మైదానంలోకి వచ్చేదాకా సాయంత్రం గంట కొట్టకూడదన్నది నియమం. ముందురోజు ముళ్లు గుచ్చుకోకుండా అమ్మలు మా పాదాలకు ఆముదం పట్టించేవాళ్లు. ముసలివాళ్లు తాంబూలం నములుతూ తమ కాలంలో కొండ ఇంకా ఎత్తుగా ఉండేదని చెప్పేవాళ్లు. ఆడపిల్లలు కూడా పరిగెత్తాలని ఊరంతటితో వాదించి ఒప్పించింది మా డ్రిల్ మేష్ట్రు గంగాధరప్ప సారు. పిల్లలమీద గట్టిగా అరిచేవాడు, ఎవరికైనా మోకాలు చీరుకుపోతే మాత్రం తన పంచె అంచు చించి కట్టేవాడు.

నా పక్కన కూర్చునే రత్న మాలో అందరికంటే వేగం. వాళ్లది కొండకు అవతల పల్లె. తండ్రి లేడు. తల్లీ కూతురూ కాస్తంత మల్బరీ తోట, ఇంటి వెనక పట్టుపురుగుల కొట్టం పెట్టుకుని బతికేవాళ్లు. శిడ్లఘట్ట సంతకు పట్టుగూళ్లు అమ్మకానికి వెళ్లిన వారం రత్న తలకు కొత్త రిబ్బను ఉండేది, పురుగులకు జబ్బు చేసిన నెల ఆమె మధ్యాహ్నం ఏమీ తినేది కాదు. మేం తొమ్మిదో క్లాసులో ఉన్న ఏడు, ఆడపిల్లల్లో రత్నే గెలుస్తుందని మా నాయన అంగడి ముందు కూడా చెప్పుకున్నారు.

ఆ రోజు నేను యథాప్రకారం వెనకబడ్డాను. కొండ సగం ఎక్కేసరికి రత్న తెల్ల రిబ్బన్లు పైబండల దగ్గర కనిపించి మాయమయ్యాయి. నేను రొప్పుతూ పైకెక్కి చేతికి జాజు పూయించుకుని దిగివచ్చేసరికి, మైదానంలో చప్పట్లు మోగుతున్నాయి గానీ అవి రత్నకు కాదు. వేరే పిల్ల ముందొచ్చింది. రత్న ఏదని అడిగితే నీ వెనక లేదా అన్నారు. నా వెనక వచ్చినవాళ్లూ ఆమెను చూడలేదన్నారు. అటెండరు దిగివచ్చి, అందరికంటే ముందు ఆమె చేతికే రంగు పూశానని చెప్పాడు. అందరికంటే ముందు ఎక్కిన పిల్ల దిగనే లేదు.

సారు ముఖంలో రంగు పోవడం నేను చూశాను. పెద్ద పిల్లలు కొండంతా పేరు పెట్టి పిలుస్తూ తిరిగారు. ఆ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. కొండ పక్కన బండ కొట్టి వదిలేసిన గుంత ఉండేది, వాన నీళ్లతో నల్లగా, లోతు తెలియకుండా. దాని ఒడ్డున తడిసిన తెల్ల రిబ్బను దొరికింది. ఆ రిబ్బన్లు బళ్లో ఆడపిల్లలందరికీ ఉన్నాయని అప్పుడు ఎవరికీ తోచలేదు. ఈత వచ్చినవాళ్లు గుంతలోకి దూకి మునిగి లేస్తున్నారు. ప్రతిసారీ ఖాళీ చేతులతో లేచినప్పుడు ఒడ్డున ఉన్నవాళ్లం ఊపిరి వదులుతాం, మళ్లీ మునగగానే బిగబడతాం. గంగాధరప్ప సారు నీళ్ల దగ్గర మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. ఆడపిల్లల్ని పరిగెత్తించమని ఎవడు చెప్పాడని ఒకాయన అన్నాడు.

అప్పుడే కొండ అవతలి నుంచి డెయిరీకి పాలక్యాన్లు తెచ్చే ఆయన సైకిలు దిగి, ఏమైందని అడిగాడు. విన్నాక ఆయన అయోమయంగా చూశాడు.

“ఆ బిడ్డ ఇంట్లోనే ఉండాది కదప్పా. పురుగులు ఏరుతాంది. నేను ఇప్పుడే చూసొస్తిని.”

సారు నమ్మలేదు. కళ్లారా చూడాలని బయల్దేరాడు, ఆయన వెనకాల మేం కొందరం. కొండ చుట్టి పల్లె చేరాం.

కొట్టం తలుపు తీసే ఉంది. లోపల మల్బరీ ఆకు వాసన, గోడ పక్కన మంచంమీద దుప్పటి కప్పుకుని వణుకుతున్న రత్న తల్లి. తట్టల్లో పురుగులన్నీ పండి, లేత పసుపు రంగు తిరిగి, తలలెత్తి దారం వదలడానికి చోటు వెతుక్కుంటున్నాయి. ఆ గడియలో వాటిని ఏరి, గూళ్లు అల్లుకునే వెదురు చంద్రికల మీద వేయకపోతే పంటంతా పోతుంది. రత్న బడి లంగాతోనే కూర్చుని రెండు చేతులా ఏరుతోంది. అరచేతిలో జాజు ఇంకా పూర్తిగా చెరగలేదు.

సారు గడపమీద కూలబడ్డాడు. పంచె అంచుతో కళ్లు తుడుచుకున్నాడు. తరువాత, “చెప్పి రావచ్చు కదమ్మా” అన్నాడు.

రత్న ఏరడం ఆపలేదు. “మా యమ్మకి జరం వచ్చె సారూ. పురుగులు పండే రోజు, బడికి పోవద్దనె. మీరేమో పరుగు వదలద్దంటిరి. పైకెక్కి చూస్తే మా యిల్లు కనిపించె. అట్లే దిగి వస్తిని.”

తిడతాడనుకున్నాం. సారు లేచి, వాకిట్లో బానలోని నీళ్లతో కాళ్లూ చేతులూ శుభ్రంగా కడుక్కుని లోపలికొచ్చి తట్ట ముందు కూర్చున్నాడు. మమ్మల్ని చూసి, “ఏం చూస్తాండారు? కడుక్కోని రాండి” అన్నాడు. చల్లగా, మెత్తగా వేళ్లకు తగిలే ఆ పురుగుల్ని నేను మొదటిసారి అప్పుడే పట్టుకున్నాను. పాలాయన వెనక్కి సైకిలెక్కి కబురు మోసుకుపోయాడు. పొద్దు వాలేవేళ, కొండ మీదుగా మా బడి గంట వినిపించింది. రత్న తల్లి అది ఏం గంటని అడిగింది. బిడ్డలందరూ ఇల్లు చేరినారని కొట్టే గంటమ్మా, అన్నాడు సారు.

పంట దక్కింది. బహుమతిగా పెట్టిన ఇత్తడి చెంబు నియమం ప్రకారం ముందు దిగివచ్చిన పిల్లకే ఇచ్చారు, రత్న కూడా చప్పట్లు కొట్టింది. మరుసటి ఏడు నుంచి కొండకు అవతలి వైపు కూడా ఒక మేష్ట్రును నిలబెట్టారు. పరుగు పెట్టే ముందు ఎవరింట్లో పురుగులు పండుతున్నాయో సారు క్లాసు క్లాసుకూ తిరిగి అడిగేవాడు.

ఇప్పుడు ఆ పరుగు లేదు. కొండ సగం క్వారీకి పోయింది, రత్న దిగిన వైపంతా నిలువునా కోసేసి ఉంది. ఉత్తకాళ్లతో ఎవరూ నడవరు, జాజు చెంబు ఏమిటని అడిగితే బళ్లో ఎవరికీ తెలియదు, గంట బదులు కరెంటు బెల్లు మోగుతుంది. చింతామణిలో కొడుకు దగ్గరుంటున్న రత్నకు గేటు దగ్గర నుంచే ఫోను చేసి ఇదంతా చెప్పాను. బాధపడుతుందేమో అనుకున్నాను. లోపల ఏం చేస్తున్నారని అడిగింది. చదును చేసిన నేలమీద, గీతల మధ్య, ఆడపిల్లలు బూట్లు వేసుకుని పరిగెత్తుతున్నారనీ, గట్టుమీద అమ్మానాయనలు కూర్చుని చూస్తున్నారనీ చెప్పాను.

“మంచిదే లేమ్మా” అంది రత్న. “కనిపించే చోటే పరిగెత్తనీ.”