వద్దన్న పాలు

కుల్యాష్ చేతులు ఊళ్ళో అందరికీ తెలుసు. ఎండాకాలంలో కూడా పగిలి, కణుపుల దగ్గర ఎర్రగా ఒరుసుకుపోయి ఉండేవి. పొద్దున లేస్తూనే బూడిద నీళ్ళతో తోమేది, పాలు పితికే ముందు తోమేది, పితికాక మళ్ళీ తోమేది. చూసినవాళ్ళు పిచ్చి ముదిరిందనుకునేవారు. పిచ్చి కాదు. నీ చేతులే నీ మొగుణ్ణి చంపాయని ఒక డాక్టరు చెప్పాడు, ఆమె నమ్మింది. అంత చదువుకున్నవాడు తెల్లకోటు వేసుకుని చెబితే నమ్మక చస్తుందా?

పెళ్ళయి రష్యావాళ్ళ ఏలుబడిలోని దెగెలెన్ కొండల కిందికి వచ్చేనాటికి ఆమె ఇంకా చిన్నపిల్లే. మొగుడు సర్సెన్ సర్కారు సమష్టి వ్యవసాయ క్షేత్రంలో గుర్రాల మంద కాసేవాడు. గుర్రప్పాలు పులియబెట్టి కుమిస్ చేయడంలో కుల్యాష్‌కు పోటీ వచ్చేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. తోలు సంచికి కొమ్మల పొగ పట్టించి, పాలు పోసి, భుజాలు పడిపోయేదాకా చిలికేది. దగ్గొచ్చినా, నీరసమొచ్చినా మా వాళ్ళకు మందు అదే. ఆమె గుమ్మం ముందు ఎప్పుడూ ఎవరిదో ఒక గుర్రం కట్టేసి ఉండేది.

కాపురానికొచ్చిన మొదటి వేసవిలోనే ఇంట్లోకి పాము వచ్చింది. కుల్యాష్ కర్ర అందుకుంటే సర్సెన్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగవే! గడప దాటొచ్చినదాన్ని కొడతారా ఎవరైనా?"

"ముద్దు పెట్టుకోమంటావా మరి?"

"పాలు పట్రా."

గిన్నెడు పాలు పాము తలమీద పోశాడు. "తెల్లది పోశాం తల్లీ. మా ఇంట్లో నీకు ఇంకేం లేదు. వచ్చిన దారినే పో, మళ్ళీ రాకు" అన్నాడు. అది తడుస్తూనే జారుకుంది. పాలు నేలపాలు చేయడం మాలో మహాపాపం. ఆ ఒక్క అతిథికే మినహాయింపు.

ఆ తర్వాత రెండేళ్ళకో ఏమో, లారీలో సైనికులు దిగారు. ఇళ్ళలో ఎవరూ ఉండకూడదు, గోడలు కూలుతాయి, గుంటల్లో బోర్లా పడుకుని కంబళి కప్పుకోండి అని చెప్పారు. ఏమిటి ఇదంతా అని అడిగితే సైనిక విన్యాసాలన్నారు. వాళ్ళ అధికారి కాస్త మంచివాడు, నవ్వుతూ మాట్లాడాడు.

"అమెరికా వాడు మీ జోలికి రాకుండా చూసుకుంటున్నాం. మీరు గర్వపడాలి" అన్నాడు.

"అయ్యా, ఆ అమెరికా వాడు మా ఊరెప్పుడైనా చూశాడా?" అన్నాడు సర్సెన్.

"లేదు."

"మీరు చూసేశారే! మాకు భయమంతా అదే."

అందరూ పడీపడీ నవ్వారు. అధికారి కూడా నవ్వాడు.

మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయని పొరపాటు ఆ రోజు ఇద్దరూ చేశారు. పులుస్తున్న పాలు అదిరితే విరిగిపోతాయని కుల్యాష్ తన కంబళి తీసి తోలు సంచికి చుట్టింది. మంద బెదిరి చెదిరిపోతుందని సర్సెన్ గుంటలో పడుకోకుండా, పోతుగుర్రం మెడ వాటేసుకుని మైదానంలో నిలబడ్డాడు. కొండల వెనక మరో సూర్యుడు పుట్టాడు. నేల ఊగింది, వేడిగాలి కొట్టింది. కాసేపటికి సన్నటి దుమ్ము ఏ చప్పుడూ లేకుండా గడ్డి మీద రాలింది. గుర్రాలు ఆ గడ్డే మేశాయి. సాయంత్రం సర్సెన్ మొహం కమిలిపోయి, గొంతు ఎండిపోయి ఇంటికొస్తే కుల్యాష్ పెద్దగిన్నె నిండా కుమిస్ పోసిచ్చింది. సంచి చెక్కుచెదరలేదని మురిసిపోయింది కూడాను.

ఆ తర్వాత అలాంటి పేలుళ్ళు మామూలైపోయాయి. సర్సెన్‌కు మాత్రం జుట్టు రాలింది, చిగుళ్ళలో నెత్తురొచ్చింది. మనిషి చిక్కేకొద్దీ ఆమె ఇంకా ఎక్కువ తాగించింది. తన వాటా మానుకుని మరీ పోసింది. మందు అదే గదా! చివరికి పట్నంలో పశువుల నుంచి మనుషులకొచ్చే జబ్బులని బోర్డు పెట్టిన ఆసుపత్రికి మోసుకెళ్ళారు. అక్కడి డాక్టరు అతని రక్తం తీసుకున్నాడు, వెంట్రుకలు తీసుకున్నాడు, గోళ్ళు కూడా తీసుకున్నాడు. మందు మాత్రం ఇవ్వలేదు.

సర్సెన్ పోయాక ఆమెను పిలిచి అడిగాడు.

"పాలు కాచి ఇచ్చేదానివా?"

"కాస్తే కుమిస్ ఎలా అవుతుందయ్యా?"

"చేతులు కడుక్కునే పితికేదానివా?"

ఆమె తన చేతులకేసి చూసుకుంది.

"పచ్చిపాలు, మురికి చేతులు. అదీ మీ జబ్బు" అన్నాడు డాక్టరు.

ఆ మాట ఆమె కంటే ముందు ఊరు చేరింది. "నేనప్పుడే అనుకున్నా, దాని గిన్నెలో ఏదో నలుసుండేది" అంది పక్కింటి కతీరా. నిన్నటిదాకా గిన్నె నాకి మరీ తాగిన మనిషి! కుల్యాష్ గుమ్మం ముందు గుర్రాలు కట్టేయడం మానేశారు. పాలు పోసిస్తే వద్దన్నారు. ఆమె తోలు సంచిని మేకుకు తగిలించేసి, క్షేత్రంలో ఆవులు పితికే పనిలో చేరింది. అక్కడ పాలు యంత్రంలో కాచేవాళ్ళు. ఆ తర్వాత ఊళ్ళో ఎందరో అలాగే పోయారు. వాళ్ళలో చాలామంది ఆమె పాలు ఎన్నడూ ముట్టనివాళ్ళే. అయినా ఆ లెక్క ఎవరూ వేయలేదు, ఆమె కూడా వేసుకోలేదు.

పేలుళ్ళు కొండల కడుపులోకి మారాయి, కొన్నేళ్ళకు ఆగాయి. ఏ రాజ్యం కోసం పడుకోమన్నారో ఆ రాజ్యమే లేకుండా పోయింది. ఇంకొన్నేళ్ళకు రష్యావాళ్ళూ అమెరికావాళ్ళూ కలిసి, కొండల్లో బాంబులు పేల్చిన సొరంగాలను సిమెంటుతో మూసేయడానికి వచ్చారు. ఒకే పెట్టెలోంచి సిగరెట్లు పంచుకున్నారు. పగ తీరిపోయిందని మాకెవరూ కబురు పెట్టలేదు.

వాళ్ళకు విందు ఇవ్వాలని ఊరిపెద్ద కుల్యాష్ దగ్గరికొచ్చాడు.

"పాత పద్ధతిలో కుమిస్ చేయడం నీకు తప్ప ఎవరికీ రాదు అవ్వా. ఊరి పరువు నిలబెట్టు."

"నా పాలతోనా? ఊరి పరువుకు ప్రాణం మీద ఆశ లేదా?"

అయినా ఆమె ఒప్పుకుంది. "వాళ్ళను నేనొక మాట అడగాలి. అడగనిస్తానంటేనే చేస్తా" అంది. ఏం అడుగుతుందో ఊరందరికీ తెలుసు. నా మొగుడు నా చేతుల వల్ల పోయాడా, మీ వల్ల పోయాడా? ఆ ఒక్క జవాబు వింటే చాలు, నిశ్చింతగా మట్టిలో కలిసిపోవచ్చనుకుంది.

కుల్యాష్ కతీరా కోడలి ఆడగుర్రాలను పితికింది. సంచికి పొగ పట్టించి, ముసలి భుజాలతో చిలికింది. విందునాడు తన ఇంట్లోనే రష్యా పెద్దాయన గొర్యునోవ్‌కూ, అమెరికా ఆయన డోయల్‌కూ తన చేత్తో చెరో గిన్నె అందించింది. పక్కన దుబాసీ పిల్ల జనార్ కూర్చుంది. ఊరంతా గోడల వెంట నిలబడింది.

ఇద్దరూ గిన్నెలు అందుకుని మొహమొహాలు చూసుకున్నారు. తాగలేదు. మా దగ్గర పగవాడు పెట్టినా పెదవి తడిపి దించుతారు. వీళ్ళు తడి కూడా తగలనివ్వలేదు. సంచుల్లోంచి సీసా నీళ్ళు తీసుకున్నారు.

"ఏమంటున్నారే?" అంది కుల్యాష్.

జనార్ వాళ్ళ మాట విని చెప్పింది. "వాళ్ళకు నిబంధనట అవ్వా. ఈ చుట్టుపక్కల పాలు, మాంసం ముట్టకూడదట."

"ఎందుకట?"

జనార్ అడిగింది. గొర్యునోవ్ బల్ల వంక చూశాడు. డోయలే ఏదో మెల్లగా చెప్పాడు.

"అణుబాంబుల దుమ్ము విషమట. అది గడ్డిలోకి, గడ్డిలోంచి పాలల్లోకి వస్తుందట."

"ఇది ఎప్పట్నుంచి తెలుసట?"

"మొదట్నుంచీ. రెండువైపులా తెలుసట."

కుల్యాష్ అడగాలనుకున్న మాట ఇక అడగలేదు. ఆ డాక్టరు పాల సంగతి నిజమే చెప్పాడు. దుమ్ము సంగతి తెలిసే దాచి, తప్పంతా ఆమె చేతుల మీదికి నెట్టాడు. లేచి వాళ్ళ ముందున్న గిన్నెలు రెండూ తీసుకుంది. "ఇక బయల్దేరమని చెప్పు" అంది.

వాళ్ళు గడప దాటి జీపుల దగ్గరికి నడుస్తుంటే వెనకే వెళ్ళి, ఒక గిన్నె గొర్యునోవ్ తలమీద, ఒకటి డోయల్ తలమీద పోసింది.

"తెల్లది పోశాను. మా ఇంట్లో మీకు ఇంకేం లేదు. వచ్చిన దారినే పోండి, మళ్ళీ రాకండి."

"ఏమంటోంది పెద్దావిడ?" అన్నాడు డోయల్, కనురెప్పలు తుడుచుకుంటూ.

జనార్ మాట మార్చింది. "క్షేమంగా వెళ్ళమని దీవిస్తోంది."

డోయల్ గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగాడు. గొర్యునోవ్ వంగలేదు. ఆ గడ్డమీద చాలాకాలం పనిచేసినవాడు, అతనికి అర్థమైంది. తలకూడా తుడుచుకోకుండా జీపెక్కాడు.

లోపల సంచిలో ఇంకా సగం ఉంది. కతీరా కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, "తప్పు మాట అన్నాను నిన్ను. నాకొక గిన్నె పొయ్యి" అంది. కుల్యాష్ పోసింది. కతీరా గిన్నెలోకి చూసింది, చాలాసేపు చూసింది, తాగకుండానే బల్లమీద పెట్టేసి వెళ్ళిపోయింది.

బూడిద నీళ్ళ తొట్టి గుమ్మం పక్కనే ఉంది. కుల్యాష్ దాని దగ్గరికి వెళ్ళలేదు. మురికి తనది కాదని తెలిసిపోయింది. కానీ గిన్నె తర్వాత గిన్నె నింపి, తాగు తాగు అని బతిమాలి, సర్సెన్ తల పట్టుకుని తాగించింది మాత్రం ఈ చేతులే. కతీరా వదిలేసిన గిన్నె తీసుకుని ఆమె ఆఖరి చుక్కదాకా తాగింది.