చదివి వినిపించమన్న ఎస్తేరక్క

ఎమ్మిగనూరులో మా కుట్టు దుకాణం పక్కనే పిండిమర ఉంది. కొత్త మిరపకాయలు వచ్చే రోజుల్లో పొద్దున పదింటికల్లా ఆ మరలో కారం పట్టడం మొదలవుతుంది. ఘాటు వీధంతా కమ్ముకుంటుంది. దారిన పోయేవాళ్ళు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మిషను తొక్కడం ఆపి తుమ్ముతాను, కళ్ళు తుడుచుకుంటాను. తలుపు దగ్గరికి వేసుకోవచ్చు కదా అంటారు రవికలు కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు. నేను వేయను. ఆ ఘాటుతో పాటు నాకు ఎస్తేరక్క గుర్తొస్తుంది. ఏటా మూడు నెలలు గుంటూరు వైపు మిరప చేలల్లో పని చేసి, ఎండలు మొదలయ్యే వేళకు మా అత్తగారి ఊరికి తిరిగొచ్చి, నెత్తి మీది మూట దించకముందే మా గడప ముందు నిలబడి "నాగేణీ, బాగుండావా" అని పలకరించే మనిషి. ఆమె చీరలో, జుట్టులో, పిల్లలకని తెచ్చిన చిన్న చిన్న వస్తువుల్లో కూడా ఈ వాసనే ఉండేది. ఆమె పోయి ఏడాది దాటింది. ఆమెను చూడనివాళ్ళ కోసం, ఆమె మా ఊరికి చేసిపెట్టిన మేలు ఒకటి చెప్పాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

నేను ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టినదాన్ని. పదో తరగతి అయ్యాక ఆదోనికీ హాలహర్వికీ మధ్య ఉన్న ఒక నల్లరేగడి ఊరికి కోడలిగా వెళ్ళాను. అక్కడ పత్తి తీసేశాక చేలల్లో పని ఉండదు. సగం ఊరు ఇళ్ళకు తాళాలు వేసి పంట కోతల పనికి వలస వెళ్తుంది. దాన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. మా ఎదురింటి ఎస్తేరక్క అలా వెళ్ళే ఒక గుంపుకు మేస్త్రీ. నలభై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి, గట్టి గొంతు. ఆదివారం చర్చికి తప్ప తెల్లచీర కట్టేది కాదు. అక్షరం ముక్క రాదు. అయినా ఆమె మాట లేకుండా ఆ గుంపులో మగవాళ్ళు కూడా లారీ ఎక్కేవాళ్ళు కాదు.

నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో ఒకరోజు ఆదోని ఆసుపత్రిలో ఇచ్చిన కాగితం పట్టుకుని వచ్చింది. ఏం రాశారో చెప్పమంది. నేను పైపైన చూసి, "మందులు వేసుకోమన్నారక్కా, నెలకోసారి రమ్మన్నారు" అన్నాను. ఆమె కాగితం వెనక్కి తీసుకోలేదు.

"అంత కాగితంలో రెండు మాటలేనా ఉండేది? రాసింది రాసినట్ల సదువు నాగేణీ. నాకేమి కావాలో నేను ఏరుకుంటా."

పేరు, వయసు దగ్గర మొదలుపెట్టి అడుగున ఉన్న గీత దాకా చదివాను. ఉప్పు బాగా తగ్గించాలని చివర్లో ఒక వాక్యం ఉంది. ఎస్తేరక్క నవ్వింది. "సూడు, ఉప్పు మాట నువ్వే మింగేస్తివి." నాకు సిగ్గేసింది. కానీ ఆ రోజు నుంచి ఆమెకు వచ్చే ప్రతి కాగితమూ మా ఇంటికే వచ్చేది. చదువు రాదు కాబట్టే తన చెవులు పదునుగా ఉన్నాయని ఆమె చెప్పుకునేది. విన్న మాటను నెల తర్వాత అడిగినా అక్షరం తప్పకుండా చెప్పేది.

మా వాడు మూడో తరగతిలోకి వచ్చిన ఏడాది బళ్ళో తల్లిదండ్రుల కమిటీని ఎన్నుకున్నారు. నేను వెనకాల నిలబడి ఉంటే ఎస్తేరక్క చెయ్యి పట్టి ముందుకు లాగింది. "సదువొచ్చినామె ఉండాల. మేమందరం సుగ్గికి పోయినప్పుడు బడిని సూసుకునేది ఎవరు?" అంది. అందరూ సరేనన్నారు. ఆమె మనవరాలు రూతు అప్పుడు నాలుగో తరగతి. ఇంట్లో విడిచిపెట్టడానికి ఎవరూ లేక, ఆ చలికాలం రూతును కూడా తీసుకుని వెళ్ళింది. వెళ్ళేముందు బడికి పోయి, మూడు నెలల్లో వస్తామని, పేరు కొట్టేయవద్దని టీచరమ్మకు చెప్పింది. నాకూ చెప్పింది.

ఆమె వెళ్ళిన కొన్ని వారాలకు సర్పంచమ్మ భర్త తీర్మానాల పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పదవి ఆడవాళ్ళకు కేటాయించినందున సర్పంచు ఆయన భార్య. పనులన్నీ చూసేది మాత్రం ఆయనే. చెడ్డవాడేమీ కాదు. పైవాళ్ళు అడిగితే లేదనలేని మనిషి. నా ఒళ్ళో పండుగకు ఇవ్వాల్సిన రవికలు కుప్పగా ఉన్నాయి.

"ఏందన్నా ఇది?" అన్నాను.

"బడి కాగితమేలేమ్మా. పైనుంచి అడుగుతాండారు. ఎప్పుడూ పెట్టేదే కదా."

దారం పళ్ళ మధ్య అట్లాగే పట్టుకుని, పేజీ చూడకుండా, ఆయన వేలు చూపించిన చోట సంతకం పెట్టేశాను. ఆయన వెళ్ళిపోయాడు. నేను కాజాలు కుట్టుకుంటూ ఆ సంగతే మరిచిపోయాను.

ఎండాకాలం మొదలవుతుండగా సుగ్గికి వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చారు. మరునాడే ఎస్తేరక్క రూతును తీసుకుని బడికి పోయింది. గంటలోపే మా ఇంటికి వచ్చి గడప మీద కూర్చుంది. బళ్ళో ఉండే ఇద్దరు టీచర్లలో ఒకరి పోస్టు తీసేశారట. నిధులు తక్కువట, పిల్లలు తక్కువట. వచ్చే ఏడు నుంచి మూడు, నాలుగు, అయిదు తరగతులు హైస్కూలుకు కలిపేస్తారట. ఆ హైస్కూలు మూడు కిలోమీటర్ల దూరం, లారీలు ఆగకుండా తిరిగే పెద్ద రోడ్డుకు అవతల ఉంది. ఎస్తేరక్క కూతురి చదువు ఆ రోడ్డు దగ్గరే ఆగిపోయిందని ఊరందరికీ తెలుసు.

"బళ్ళో తలకాయలు ఎప్పుడు లెక్కబెట్టినారు? మేమందరం సుగ్గిలో ఉన్నప్పుడు," అంది. "తల్లిదండ్రులు ఒప్పుకున్నారని పంచాయతీలో తీర్మానం ఉండాదంట. ఎవరు ఒప్పుకున్నారు నాగేణీ?"

సర్పంచమ్మ భర్త వేలు చూపించిన చోటు గుర్తొచ్చింది. అబద్ధం చెప్పే వీలుంది. కమిటీలో ఇంకా చాలామంది ఉన్నారు. కానీ ఆమె మొహంలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"నేను సంతకం పెట్టినానక్కా. చదవకుండా పెట్టినాను."

ఎస్తేరక్క నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, చెంబు అడిగి నీళ్ళు తాగింది. తర్వాత నెమ్మదిగా అంది. "పెట్టినావని సెప్పినావు, అది మంచిది. రేపు పొద్దున ఆ పుస్తకం సూసేకి పోదాం. నువ్వూ రావాల."

ఆ పుస్తకం చూడటం అంత తేలిక కాలేదు. మొదటి రోజు కార్యదర్శి ఆదోనికి వెళ్ళాడన్నారు. రెండో రోజు బీరువా తాళం లేదన్నారు. మూడో రోజు, ఆడవాళ్ళకు ఆ పుస్తకంతో పనేముందన్నారు. ఎస్తేరక్క ఎవరితోనూ గొడవ పడలేదు. రోజూ సద్ది కట్టుకుని వచ్చి పంచాయతీ ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. వచ్చేపోయేవాళ్ళు ఎందుకు కూర్చున్నావని అడిగితే, "మా పిల్లల గురించి ఏం రాసిండారో ఇనాలని" అని చెప్పేది. ఆ ఒక్క మాటే. నాలుగో రోజుకు మెట్ల మీద పదిమంది ఆడవాళ్ళం అయ్యాం. సమాచార హక్కు కింద తీర్మానం నకలు ఇవ్వాలని నేను అర్జీ రాశాను. ఇచ్చేముందు ఆమె నాచేత దాన్ని మూడుసార్లు చదివించుకుంది. "దయతో ఇవ్వవలెను" అని రాసిన చోట ఆపి, "దయ ఎందుకు, ఇవ్వాల్సిందే కదా? ఆ మాట తీసెయ్" అంది. తీసేశాను.

కొన్ని వారాలకు నకలు వచ్చింది. మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివాను. తల్లిదండ్రులందరూ సమావేశమై, తరగతులు తరలించడానికి సమ్మతించారని ఉంది. కింద నా సంతకం. దాని కింద పేర్లు, ఆ పేర్ల పక్కన వేలిముద్రలు. చదువుతూ పోతుంటే ఎస్తేరమ్మ అన్న పేరు వచ్చింది. అక్కడ వేలు పెట్టి ఆమెకు చూపించాను. ఆమె కాగితం దగ్గరగా తీసుకుని ఆ ముద్రను చూసింది, తన బొటనవేలు తిప్పి చూసుకుంది.

"ఆ దినం ఈ ఏలు మిరపచెట్ల కాడ ఉండె," అంది.

గ్రామసభ ఆ నెలాఖరున జరిగింది. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మండలం నుంచి ఒక అధికారి వచ్చాడు. సర్పంచమ్మ కొంగు నెత్తి మీద కప్పుకుని కుర్చీలో కూర్చుంది. ఆమె వెనక ఆమె భర్త నిలబడ్డాడు. బడి సంగతి రాగానే ఎస్తేరక్క లేచి, తీర్మానం చదివి వినిపించమంది.

"అందరికీ తెలిసిందే కదా. చదివేదేముంది?" అన్నాడు సర్పంచమ్మ భర్త.

అధికారి గడియారం చూసుకున్నాడు. ఎస్తేరక్క నా వైపు తిరగలేదు, సైగ చేయలేదు. నేను నకలు మడత విప్పాను. లేచాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను మాట్లాడటం అదే మొదటిసారి.

"కమిటీలో ఉండేది నేను సార్. దీని మీద సంతకం నాదే. నేను చదవకుండా పెట్టినాను. తప్పు నాది. ఇప్పుడు చదువుతాను, అందరూ వినండి."

ఎవరో వెనక నుంచి కూర్చోమన్నారు. అధికారి మాత్రం చదవమన్నాడు. చదివాను. పేర్ల దగ్గరికి వచ్చాక, ఒక్కో పేరు చదివి ఆగాను.

నరసప్ప లేచాడు. "ఆ దినం నేను ఈడ లేను సార్. గుంటూరు కాడ కాయలు తెంపుతాంటి."

హుసేన్‌బీ లేచింది. "నేనూ లేను సార్. మా ఇంటికి తాళం."

సాలమ్మ లేచింది. ఆమె మొగుడు లేచాడు. పేరు వెనక పేరు, మనిషి వెనక మనిషి. ఒకాయన మాత్రం, తాను ఊళ్ళోనే ఉన్నానని, హైస్కూల్లో సార్లు ఎక్కువ ఉంటారని తెలిసే ఒప్పుకున్నానని చెప్పాడు. కొందరు ఆయన మీదికి అరవబోయారు. ఎస్తేరక్క చెయ్యెత్తి ఆపింది. "నీ మాట నువ్వు సెప్పినావప్పా, మంచిది. ఆ మాట గూడా రాసుకోండి సార్. మా మాట గూడా రాసుకోండి. మేము అడిగేది అంతే."

నేను చివరి పేరు చదివేసరికి షామియానా కింద సగం జనం నిలబడి ఉన్నారు. అప్పుడు ఎవరూ అనుకోనిది జరిగింది. అంతసేపూ తల వంచుకుని ఉన్న సర్పంచమ్మ చెయ్యి చాచి నా చేతిలోని కాగితం తీసుకుంది.

"ఈడ నా సంతకం గూడా ఉండాది," అంది. "నాకు గూడా ఎవరూ సదివి సెప్పలేదు. ఇప్పుడు ఇన్నా. ఇది రద్దని రాయండి."

భర్త వంగి ఏదో చెప్పబోయాడు. ఆమె తల తిప్పలేదు. "రాయండి సార్," అంది మళ్ళీ.

అక్కడికక్కడే కొత్త తీర్మానం రాశారు. తరగతులు ఊళ్ళోనే ఉండాలని, పిల్లలను సుగ్గి రోజుల్లో లెక్కించకూడదని, సుగ్గికి పోయినవాళ్ళ పిల్లలకు ఆ మూడు నెలలు బళ్ళోనే తిండి, పడక ఏర్పాటు చేయాలని. దాన్ని నేను రెండుసార్లు గట్టిగా చదివాను. తర్వాతే ముద్రలు వేశారు. ఎస్తేరక్క అందరికంటే చివర వచ్చి, బొటనవేలు సిరాలో అద్ది, నిదానంగా ఒత్తింది. "ఇది నాది," అంది.

ఆ కాగితం పట్టుకుని ఆదోనిలోని విద్యాశాఖ ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగామో. బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని నిద్రపోయేది, నేను కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కాపలా కాసేదాన్ని. బడులు తెరిచిన రోజు మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలు మా ఊరి బళ్ళోనే కూర్చున్నారు. వారం తర్వాత రెండో టీచరు కూడా వచ్చాడు. ఆయన బస్సు దిగేసరికి కుర్రాళ్ళు డప్పులు కొట్టారు. ఆయన బిత్తరపోయి, ఇంకెవరికోసమో అనుకుని పక్కకు జరిగాడు. ఎస్తేరక్క గంప నిండా బొరుగులు తెచ్చి పిల్లలందరికీ దోసిళ్ళతో పోసింది. ఆమె అంత పెద్దగా నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. ఆ నెల నుంచి పంచాయతీ చేసే ప్రతి తీర్మానాన్నీ మైకులో చదివి వినిపించాలని సర్పంచమ్మ పట్టుబట్టింది.

టీచరు వచ్చిన రోజు ఆ డప్పుల గోలలోనే సర్పంచమ్మ భర్త ఎస్తేరక్క పక్కకు వచ్చి, "ముందే నాతో ఒక మాట సెప్పింటే సరిపోయేది కదమ్మా" అన్నాడు. ఎస్తేరక్క ఆయన చేతిలో కూడా బొరుగులు పోసి, "నువ్వు ముందే సదివింటే సరిపోయేది కదప్పా" అంది. ఆయన నవ్వలేక నవ్వి, బొరుగులు తిన్నాడు.

తర్వాత మేము ఎమ్మిగనూరుకు వచ్చేశాం. రూతు ఇప్పుడు హైస్కూల్లో ఉంది. పెద్ద రోడ్డు దాటి తానే సైకిలు మీద పోతుంది. ఎస్తేరక్క సమాధి రోజున ఆ పిల్లే బైబిలు చదివింది. ఒక్క మాట మింగలేదు.

ఎస్తేరక్క నాకిచ్చింది ధైర్యం అంటే సరిపోదు. ధైర్యవంతులు ఎప్పుడూ తప్పు చేయరని నేను అనుకునేదాన్ని. తప్పు చేసిన మనిషి కూడా నలుగురిలో లేచి నిలబడి, ఆ మాట తన నోటితోనే చెప్పి, అక్కడి నుంచే పని మొదలుపెట్టవచ్చని ఆమె వల్ల తెలిసింది. ఆ రోజు ఆమె నన్ను దోషిగా చూసి ఉంటే, నేను జీవితమంతా ఆ రవికల వెనక దాక్కునేదాన్ని.

మొన్న మా వార్డు బడి కమిటీలో ఉన్న ఒక చిన్న వయసు తల్లి మధ్యాహ్నం పూట దుకాణానికి వచ్చింది. మొహం వాడిపోయి ఉంది. బళ్ళో ఆయాను తీసేసే కాగితం మీద తాను చూసుకోకుండా సంతకం పెట్టిందట. సాయంత్రం మీటింగు ఉందట. పోవాలంటే భయంగా ఉందట. నేను మిషను మీద గుడ్డ కప్పి, దుకాణానికి తాళం వేసి, ఆమెతో పాటు వెళ్ళాను. ముందు వరసలో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఆ కాగితం సంగతి రాగానే, నేను ఏమీ చెప్పకముందే, ఆ పిల్ల లేచి నిలబడింది.