మగ్గం లేని చోట తొక్కిన కాలు

చానా ఏండ్లుగా ఒగ మాట మోస్తా ఉండాను. మోసేదానికి నాకు సొంత ఒళ్ళు కూడా లేదు, ఇంగొగరి ఒళ్ళుతో మోస్తా ఉండాను. ఎవురికైనా చెప్పాల. మీరెవురో నాకు తెలీదు. తెలీకపోవడమే మేలు, తెలిసుంటే ఈ రోజు కూడా ఏదో ఒగ సాకు చెప్పి తప్పించుకుందును.

నేను తెలుగోణ్ణే గానీ తెలుగు రాయను రాదు. మా ఊరు మేల్పాడి పక్కన, చదివింది అరవం. అందుకని ఫోనుతో మాట్లాడతా ఉండాను, అదే రాసుకుంటాది. తప్పులుంటే దాన్ని తిట్టుకోండి. నన్ను తిట్టేదానికి వేరే సంగతి వస్తాది, రవంత ఓపిక పట్టండి.

నాకు ఎనభై దాటింది. చూసేవాళ్ళకు ముప్పై. బస్సులో కండక్టరు "తంబీ, లోపలికి పో" అంటాడు. ఒళ్ళు మండతాది. ఒరే, నీ తాత వయసురా నాది అని నోటిదాకా వస్తాది. ఆ నోరు నాది కాదని గుర్తొచ్చి లోపలికి పోతాను.

వరసగా చెప్తాను. డెబ్భై దాటినాక నా ఊపిరితిత్తులు చెడిపోయినాయి. బావి కాడికి పోయి ఇంటికి తిరిగి రావాలంటే దారిలో ఆడాడ కూర్చోవాల. అప్పటికి ఈ కొత్త వైద్యం వచ్చుండె. ముసలోళ్ళ తలలో ఉండే జ్ఞాపకాలు, బుద్ధి, కోపం అన్నీ తీసి వయసు పిల్లోళ్ళ ఒళ్ళులోకి దించేది. వేలూరులో ఒగ ప్రైవేటు ఆస్పత్రిలో చేస్తా ఉండిరి. చట్టం గట్టిగా చెప్పింది ఒగటే. ఆ ఒళ్ళు బతికుండాల, లోపల మనిషి పోయుండాల. పోయినాడని డాక్టర్లు చెప్పాల, కన్నోళ్ళు ఒప్పుకోవాల.

మురళి గుడియాత్తం పిల్లోడు. లుంగీలు నేసే ఇల్లు. ఆంబూరు నుంచి బండిలో వస్తా ఉంటే లారీ తగిలింది. ఒంటి మింద పెద్ద గాయం లేదు, దెబ్బంతా తలకే. వారాలు గడిచినా కండ్లు తెరవలేదు. లోపల ఎవురూ లేరు అన్నారు డాక్టర్లు. వాళ్ళమ్మ కుప్పమ్మ ఒప్పుకునింది డబ్బుకు కాదు. మావోడి కండ్లు ఎవురు తెరిచినా సరే, తెరిచుంటే నాకు చాలు అనింది. 

ఆపరేషనుకు ముందు కొన్నాళ్ళు రెండు ఒళ్ళూ ఒకే గదిలో ఉండాలంట. నా మంచం, పక్కనే మురళి మంచం. నడుమ స్టూలు వేసుకొని కుప్పమ్మ. నాకు ఆయాసం, మాట్లాడలేను. ఆమె మాట్లాడతాది, నేను వింటాను. అంతా మగ్గం మాటలే. వాళ్ళది గుంత మగ్గం. నేసేవాడు గుంతలో కాళ్ళు పెట్టుకొని కూర్చుంటాడు, తొక్కుడు కట్టెలు కింద గుంతలో ఉంటాయి, పైనుంచి చూస్తే కాళ్ళు కనపడవు. మగ్గం ఆడతా ఉంటే ఆ సప్పుడుకు పిలిస్తే ఇనపడదు. అందుకని అన్నానికి పిలవాలంటే ఆమె నూలు చుట్టే కండెతో మగ్గం గుంజ మింద రొండు తూర్లు కొడతాదంట. వాడు గుంతలో కట్టెను రొండు తూర్లు గట్టిగా తొక్కుతాడంట. మగ్గం టక్కు టక్కుమంటాది. వస్తా ఉండానమ్మా అని దానికి అర్థం. చిన్నప్పటి నుంచీ వాడు నోటితో బదులు చెప్పిందే లేదు పెద్దాయనా, అంతా కాలితోనే అని నవ్వింది.

ఆపరేషనుకు ముందురోజు మధ్యాన్నం. నేను ఎడమ పక్కకు తిరిగి పండుకోనుంటిని. వాడి కాళ్ళ దిక్కున నా తల ఉండేట్టు మంచాలు వేసినారు, మురళి పాదాలు నా కండ్లకు నేరుగా ఉండాయి. కుప్పమ్మ అన్నం తిని, ఖాళీ లోటా చేతిలో పట్టుకొని, చానాసేపు కొడుకునే చూస్తా కూర్చునింది. ఉన్నట్టుండి ఆ లోటాతో మంచం ఇనప కడ్డీ మింద కొట్టింది. రొండు తూర్లు.

కొట్టి, తల పక్కకు వంచింది. చెవి పెట్టి వినింది. ఆమెకు అదే అలవాటు. ఇరవై ఏండ్లుగా ఆ కాలిని ఆమె చూసింది లేదు, వినింది. చూడాలని ఆమెకు తోచనే లేదు.

నేను చూస్తిని.

దుప్పటి కింద కుడి పాదం కిందికి ఒత్తింది. ఆగింది. మళ్ళా ఒత్తింది. అంతే. పరుపు మెత్తన, సప్పుడు యాడనుంచి వస్తాది?

ఆమె రవంతసేపు అట్లనే విని, కొంగుతో మొగం తుడుచుకొని, లోటా కడిగేదానికి బయటికి పోయింది. అప్పుడే నర్సు పిల్ల లోపలికి వచ్చి, తాతా ఏమన్నా కావాల్నా అని అడిగింది. నోరు తెరిచినాను. నీళ్ళు అంటిని.

ఇచ్చింది. తాగినాను. అదీ నేను చేసిన పని.

తర్వాత నాకు నేను చెప్పుకునింది ఏమిటంటే, అది నరం ఆట, నిద్రలో కూడా కాళ్ళు ఆడతాయి, కోసిన కోడి కూడా కొట్టుకుంటాది, డాక్టర్ల కంటే నాకు ఎక్కువ తెలుసునా అని. బాగానే ఉండాది ఈ మాట. చానా ఏండ్లు దీని మింద ఆనుకొని బతికినాను. అయితే ఒగటి అడగండి నన్ను. నరం ఆటే అని నిజంగా నమ్మింటే, నర్సుతో చెప్పేదానికి భయం యాల? ఇట్ల ఆడిందమ్మా, చూడండి అనుంటే, ఇంగోతూరి కొట్టి చూసుందురు. ఉత్తదే అయితే ఉత్తదని తేలుండు, నా ఆపరేషను నాకు అయ్యుండు. చెప్పలేదంటే ఏమి అర్థం? ఉత్తది కాదని నాకు తెలుసు. తెలిసే నీళ్ళు అడిగినాను. పిల్లోడు అన్నానికి వస్తా ఉండానమ్మా అని చెప్పినాడు, ఆ మాటను నేను మింగినాను.

చావంటే భయమా? ఉండె. అది ఎవురికి లేదు. భయం కంటే ఆశ జాస్తి నాకు. మళ్ళా మెట్లెక్కాల, మళ్ళా చేని గట్టు మింద నడవాల. అబద్ధం చెప్పను, ఆపరేషనయి కండ్లు తెరిచి మొదటి ఊపిరి నిండుగా పీల్చినప్పుడు నేను సంతోషపడినాను. ఏడుపొచ్చేంత సంతోషపడినాను. నా పెండ్లాము మాత్రం ఈ పొద్దుటికీ నేను ఎదురొస్తే కొంగు సర్దుకుంటాది, పరాయి మగోడి ముందర మాదిరి. అడిగితే, అలవాటు కాలేదు అంటాది. ఇంగెప్పుడు అవుతాది?

ఏడాది కావస్తా ఉండంగా కుప్పమ్మ గుడియాత్తానికి రమ్మని కబురు పంపింది. పోయినాను. ఆమె నన్ను చూడలేదు, మగ్గం వైపు తిరిగి మాట్లాడింది.

"పెద్దాయనా, ఒగ మాట అడగాల. చచ్చినోళ్ళకు ఏడాదికి పెట్టినట్టు వాడికి దివసం పెట్టాల్నా వద్దా అని ఇంట్లో గలాటా. ఒళ్ళు కాల్చలేదు, తిరగతానే ఉండాది, దివసం ఎట్ల పెడతావంటారు. మీరు కదా వాడి పక్కన పండుకోనుండింది. చెప్పండి, ఆ పొద్దు మావోడు ఉండినాడా, లేడా?"

"లేడమ్మా."

"ఖాయంగా?"

"ఖాయంగా. పెట్టుకో."

"సరేప్పా" అనింది. కొడుకును పిలిచినట్టు ఆ అప్పా అనింది నన్ను కాదు. ఆ గొంతును.

అది వాడి గొంతు కదా. వాడి నాలికతో, వాళ్ళమ్మకే, వాడు లేడని చెప్పించినాను. నీళ్ళు అడిగిన పాపం ఒగటయితే, ఇది ఇంగొగటి. రొండిట్లో ఏది పెద్దదో నాకు తెలీదు.

అప్పటినుంచీ ఏడాదికోతూరి దివసం పెడతా ఉండారు. నేను పోతాను. రాకపోతే బాగుండదు పెద్దాయనా అంటారు. ఫోటో ముందర ఆకేస్తారు, వాళ్ళ మగ్గంలోనే నేసిన కొత్త లుంగీ పెడతారు. పూజ అయినాక ఆ లుంగీ ఆ ఈడు మగపిల్లోడికి ఇవ్వాలంట. కుప్పమ్మ నాకే ఇస్తాది. కొలత సరిపోతాది మరి. ఫోటోలో ఉండే మొగమూ, ఆకు ముందర కూర్చునే మొగమూ ఒగటే. వాడి దివసం కూడు వాడి నోటితో నేను తింటాను. ఇంటికొచ్చి లుంగీని బీరువాలో పెడతాను. ఒగటీ కట్టింది లేదు.

ఈ ఏడు కూడా పోయినాను. నాకు కుర్చీ వేసినారు. మోకాలు నొప్పి నా పాత ఒళ్ళుతోనే పోయింది, కుర్చీ అడిగే అలవాటు మాత్రం పోలేదు. ముందర బల్ల మింద ఆకు. కుప్పమ్మ పప్పు వడ్డించి, నెయ్యి వేసి, మొగుణ్ణి అన్నానికి పిలిచేదానికి కండె తీసుకొని మగ్గం గుంజ మింద కొట్టింది. రొండు తూర్లు.

కొట్టి, తల పక్కకు వంచింది.

మగ్గంలో ఎవురూ లేరు. మొగుడు నూలుకు బజారుకు పోయినాడు, ఆమె మరిసిపోయింది. మగ్గం పలకలేదు. నా కుడి పాదం మాత్రం సిమెంటు నేలను ఒత్తింది. ఆగింది. మళ్ళా ఒత్తింది. నేను ఒత్తలేదు. దేవుడి మింద ఒట్టేసి చెప్తా ఉండాను, నేను ఒత్తలేదు. నా చేతిలో అన్నం ముద్ద ఉండె, నా మనసంతా దాని మింద ఉండె.

పాదం దానంతటదే తొక్కింది. నేల మింద సప్పుడు లేదు.

ఆమె వింటానే ఉండె. నేను చెప్పుండొచ్చు. అమ్మా, చెవి పెట్టొద్దు, ఇట్ల నా కాలిని చూడు అని. ఇంగోతూరి కొట్టు అని. నేను కాలిని కుర్చీ కిందికి లాక్కుంటిని. ఆయప్ప బజారుకు పోయినాడు, మరిస్తిని చూడు అని ఆమె నవ్వి, రసం తెచ్చేదానికి లోపలికి పోయింది. ఈ తూరి నీళ్ళు కూడా అడగలేదు నేను.

ఇన్నేండ్లుగా వాడు లోపలే ఉండాడా? ఉంటే, లేడమ్మా అని నేను అనింది విన్నాడా? లేక ఇది ఉత్త కాలి అలవాటేనా? తెలీదు. చచ్చినా తెలీదేమో. ఆమెకు చెప్తే, బతికుండే కొడుకుకు ఇన్నేండ్లు దివసం పెట్టినట్టు అవుతాది. చెప్పకపోతే, కొడుకు బదులు చెప్తా ఉండాడు, తల్లికి ఇనపడదు. ఏది చేసేదానికీ నాకు ధైర్యం లేదు. మీరు నన్ను మంచోడనొద్దు, పోనీలే అనొద్దు. దానికోసం కాదు ఇదంతా.

ఒగ మాట మాత్రం ఎవురో ఒగరి చెవిలో పడాల. ఆ మధ్యాన్నం వాళ్ళమ్మ పిలిచింది. వాడు వస్తా ఉండానన్నాడు. నేను చూసినాను.