సున్నం కింది కళ్ళు

నా చిన్నప్పుడు గోదావరిఖనిలో మా క్వార్టర్ల దగ్గర ఉన్న కమ్యూనిటీ హాలు గోడ మీద కళ్ళు లేని పెద్దమనుషులు ఉండేవారు. దర్గా ముజావర్, చర్చి పాస్టరు, గుడి పంతులు, అందరూ మా కాలనీ కష్టసుఖాల్లో ముందుండేవాళ్ళే. గని దీపాల గదిలో పనిచేసే పక్కింటి చాచా డ్యూటీ దిగాక వాళ్ళను సున్నపు గోడ మీద బొగ్గుతో వేసేవాడు. ఒకరికి గుమ్మడికాయంత బొజ్జ, ఒకరికి గద్ద ముక్కు. కళ్ళు మాత్రం ఖాళీగా వదిలేసేవాడు. ఆ మనిషి వచ్చి, తన బొమ్మ చూసుకుని నవ్వితేనే, ఎదురుగా చూస్తూ పెట్టేవాడు. అంతదాకా ఆ తెల్లటి గుంటల పక్కనుంచి నడవాలంటే నాకు వణుకు.

"మనిషి ఎదురుంగ లేంగ కండ్లు పెడితే పానం గోడకు అంటుకుంటదట" అని మా అక్క ఇంకా భయపెట్టేది.

ఆ ఏడు చాచా సర్దార్ తాతను వేశాడు. గనిలో సర్దార్ అంటే తన షిఫ్టు మనుషుల బాధ్యత ఆయనదే, కాలనీలో భజనకూ ఆయనే పెద్ద. భజనలో ముచ్చట్లు పెట్టానని నన్ను అందరి ముందు లేపి బయటికి పంపాడు. ఆ కచ్చతో ఒక పొద్దున, తాత ఫస్టు షిఫ్టుకు పోయాక, హాల్లో ఎవరూ లేనిది చూసి బొగ్గుముక్కతో రెండు కళ్ళు పెట్టేశాను. ఉరిమి చూసే కళ్ళు. పెట్టీపెట్టగానే అవి నన్నే చూశాయి. పక్కకు జరిగితే అటూ చూశాయి.

మధ్యాహ్నం వేళ కాని వేళ సైరన్ మోగింది. గనిలో కప్పు కూలిందట, సర్దార్ తాత, ఆయన మనుషులు అవతల చిక్కుకున్నారట. తాతను చంపింది నేనే అనుకున్నాను. ఏడుస్తూ చాచాకు అంతా చెప్పేశాను. ఆయన తిట్టలేదు. నాతో హాలుకు వచ్చి ఆ బొమ్మ చూశాడు.

"గివి ఆయన కండ్లు కావు, బేటీ. నడువ్, ఆయనయి జూసొద్దాం" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

గని ముందు జనంలో నిలబడ్డాం. పొద్దు వాలుతుండగా ఒక్కొక్కరే పైకి వచ్చారు. తనవాళ్ళంతా ఎక్కేదాకా సర్దార్ ఎక్కడు, అది అక్కడి రివాజు. ఆఖరున తాత వచ్చాడు. మొహమంతా నలుపు, కళ్ళొక్కటే తెలుపు. వాటితో తన మనుషులను ఒక్కొక్కరినే వెతుక్కున్నాడు. అందరూ ఉన్నారని తేలాక అవి నీళ్ళతో నిండిపోయాయి. అన్నేళ్ళలో నేను ఆయన కళ్ళలోకి ఒక్కసారీ చూడలేదని అప్పుడు తెలిసింది.

మర్నాడు తాత గోడ ముందు నిలబడ్డాడు. చాచా చెప్పే ఉంటాడు, నా వైపే తిరిగి అడిగాడు.

"నేను గింత గుస్సగ జూస్తనా, బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. చాచా ఆ కళ్ళ మీద సున్నం పూసి, ఆరాక బొగ్గు నా చేతికే ఇచ్చాడు.

"ముక్కు, బొజ్జ మనిష్టం. కండ్లు మాత్రం ఆయనయి. జూస్కుంట పెట్టు."

తాత నవ్వాడు. చూస్తూ పెట్టాను. అయినా వానాకాలంలో గోడ చెమ్మెక్కితే, నవ్వే కళ్ళ వెనక నుంచి ఆ ఉరిమే కళ్ళు పైకి తేలేవి. చాచా ఏటేటా సున్నం పూసేవాడు. అవి ఏటేటా వచ్చేవి.

ఇప్పుడు తాత లేడు, చాచా లేడు, ఆ హాలు కూడా ఓపెన్‌కాస్టు గని తవ్వకంలో కలిసిపోయింది. ఎవరినైనా ఒక మాట అనే ముందు వాళ్ళ కళ్ళలోకి చూడడం నాకు అలవాటైంది. అయినా ఒక్కోసారి నోరు జారుతుంది. తర్వాత ఎంత బతిమాలుకున్నా, వాన పట్టిన రోజున ఆ రెండు కళ్ళు ఎక్కడినుంచో నన్నే చూస్తుంటాయి.