కొలవకుండా మార్చిన కాయిల్

మా ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ పనులు చూసే గుంటూరు అంకుల్‌కి మీటరుతో కొలవకుండా పార్టు మార్చేవాళ్లంటే ఒళ్లు మంట.

నెలలు నిండకుండా పుట్టిన మా పాప, తోడుగా నా భార్య దూరంగా స్లైగో అనే ఊరి ఆసుపత్రిలో ఉన్నప్పుడే, లక్షన్నర మైళ్లు తిరిగిన నా పాత కారు వానలో ఆగిపోయింది. గ్యారేజీ వాడు ఇంజన్‌కి నిప్పురవ్వ అందించే ఇగ్నిషన్ కాయిల్ రెండుసార్లు మార్చినా మళ్లీ ఆగింది. "పారేసి కొత్తది కొనుక్కో, ఇప్పుడందరూ కొంటున్నారుగా" అన్నాడు.

అంకుల్ వచ్చి ఒక్కో వైరూ కొలిచారు. తుప్పు పట్టిన ఎర్త్ వైరును గీకి బిగించగానే కారు స్టార్టయింది. నేను గ్యారేజీ వాణ్ణి తిట్టబోయాను.

"వాణ్ణెందుకు? నువ్వూ ఇంజనీరువేగా. రెండోసారి ఎట్లా మార్చనిచ్చావ్? మూడు రోజులుగా అక్కడ ఆ అమ్మాయి ఒక్కతే ఉంది" అన్నారు.

ఆయన మీద కోపంతోనే స్లైగో చేరాను. పాప పక్కన కుర్చీలో కూర్చునే నిద్రపోతున్న నా భార్యను చూశాక, ఆయన ఎవరి తరఫున కోప్పడ్డారో అర్థమైంది.