అందరికంటే ముందు భయపడే ఓబుళేశు

ఓబుళేశుకు భయం. దేనికి అని అడగకూడదు. దేనికి భయం లేదో చెప్పమంటే ఆయన దగ్గర కూడా జవాబు ఉండదు. బల్లి అరిస్తే మంచమెక్కుతాడు. కుక్కర్ కూతకొచ్చే వేళకు చెప్పులేసుకొని వీధిలోకి పోతాడు. గడ్డం గీయించుకోవడానికి కూర్చుంటే, కత్తి ఎత్తిన ప్రతిసారీ "మెల్లగప్పా, నాకుండేది ఒకటే గొంతు" అంటాడు.

ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. కడపలో బస్సెక్కినవాళ్లకు టికెట్టు కంటే ముందు ఆయన భయం అందేది.

"డ్రైవరన్నా, ముందర లారీ పోతాండాది, సూస్తివా?"

"సూస్తి."

"దాంట్లో రాళ్లుండాయి."

"ఉంటే?"

"పడితే?"

బస్సంతా గొల్లుమనేది. ఓబుళేశు మాత్రం నవ్వకుండా కడ్డీని రెండు చేతులా పట్టుకొని నిలబడేవాడు.

కోడలు శివలీల కొత్తగా కాపురానికొచ్చినప్పుడు ఈయన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వేది. "నవ్వు తల్లీ, నేను నవ్వీ నవ్వీ అలిసిపోయినా" అనేది అత్త రాజ్యలక్ష్మమ్మ.

తుపాను వచ్చేదాకా ఆ ఇంట్లో భయమంటే ఇంతే, నవ్వులాట.

కడప పక్కన వాళ్ల పల్లె. తుపాను అంటే అక్కడివాళ్లకు టీవీలో కొబ్బరిచెట్లు ఊగడమే. ఊరి వంకలో ఏడాదిలో ఎక్కువ కాలం పారేది ఇసుకే. అలాంటి చోట ఆ కార్తీకంలో ఆకాశం చిల్లు పడినట్టు వాన పట్టుకుంది. పొద్దు పొడిచే వేళ పైన చెరువు కట్ట తెగింది.

శివలీల వంటింట్లో టీ పెడుతోంది. మొదట కాళ్లకు చల్లగా తగిలింది. బిందె ఒలికిందేమో అనుకుంది. పాలు పొంగే లోపల నీళ్లు నడుముకొచ్చాయి. తలుపు లాగితే రాలేదు. గ్యాస్ సిలిండరు తేలి, గోడకు ధన్ ధన్ మని కొట్టుకోసాగింది. ఆమె వంటగట్టు మీదికెక్కి, కిటికీ ఊచలు పట్టుకొని, గొంతు పోయేదాకా అరిచింది. చివరికి మొగుడు ధనుంజయ గడ్డపారతో తలుపు పగలగొట్టి బయటికి లాగాడు. ప్రాణాలు దక్కాయి. ఆ ధన్ ధన్ మాత్రం ఆమె చెవుల్లోనే ఉండిపోయింది.

ఊరంతా మిట్ట మీది బడిలో తలదాచుకుంది. వాన వెలిసింది. వంక మళ్లీ ఇసుకలోకి దిగిపోయింది. జనం పారలు పట్టుకొని ఇళ్లకు పోయి, మోకాటి లోతు బురద ఎత్తిపోసుకుంటున్నారు. ధాన్యం కుళ్లిన వాసన. ఒకరింట్లో బీరువా కింద తేళ్లు, ఇంకొకరింట్లో పరుపులో పాము. అయినా ఒక్కొక్కరే సర్దుకుంటున్నారు.

శివలీలకు మాత్రం చేతకావడం లేదు. బడి కొళాయి చుక్కలు చుక్కలుగా కారినా ఆమె చేతులు వణికేవి. అవి ఎవరికీ కనబడకుండా కొంగులో చుట్టుకునేది. ఎవరికి చెప్పుకోవాలి? ఇల్లు కూలిపోయిన పక్కింటి రత్నమణే పొయ్యి వెలిగించుకుంది. తన ఇంటికి గోడలన్నీ నిలిచి ఉన్నాయి. తలుపు ఒక్కటే కదా పోయింది! ఇంకా భయమంటే నలుగురూ నవ్వరా?

"ఈ పొద్దు ఇంటికి పోదాం పాండి" అన్నాడు ధనుంజయ.

శివలీల చేతులను కొంగులోకి ఇంకా లోపలికి దోపుకుంది. ఆమె నోరు తెరిచే లోపల మూలనుంచి ఓబుళేశు కేకేశాడు.

"నేను రాను! గోడలు తడిసిండాయి. మీద పడతాయి."

"పడవు నాయనా. మేస్త్రీ వచ్చి సూసిపోయినాడు."

"మేస్త్రీ ఉన్నంతసేపు పడవు. ఆయన పోయినంక పడతాయి."

ఆ రోజు ప్రయాణం ఆగిపోయింది. మర్నాడు కరెంటు భయం. తడిగోడ ముట్టుకుంటే షాకు కొడుతుందట. ఫ్యూజులన్నీ తీసేశామన్నా వినలేదు. ఆ తర్వాత పాముల భయం. అవీ అయిపోయాక, "ఇన్ని దినాలు విడిచిపెడితిమి గదా, ఇల్లు మనల్ని గుర్తుపడతాదో లేదో!" అన్నాడు. రాజ్యలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది.

"ఏందయ్యా ఇది! ఊరంతా మనల్ని జూసి నవ్వుతాండాది. మగపుట్టుక పుట్టి, ఇంత పిరికితనమా?"

"నవ్వనీ లేవే. నవ్వితే గోడలు కూలవు గదా."

పొద్దున లేస్తూనే "వంక కంటికి కనబడితే గుండె దడ. బస్టాండుకు పోయి టీ తాగొస్తా" అని వెళ్లిపోయేవాడు. ఎండ ముదిరాక తిరిగొచ్చేవాడు. అందరితోబాటు శివలీల కూడా పైకి విసుక్కునేది. లోపల మాత్రం ఆ పిరికి మామకు దండం పెట్టుకునేది.

కానీ బడి తెరుస్తున్నామనీ, మర్నాటికల్లా ఖాళీ చెయ్యాలనీ కబురొచ్చింది. ఇంక తప్పదు. అందరి ముందూ గడప దగ్గర కూలబడిపోతే ఎంత సిగ్గు! ముందు తానొక్కతే పోయి, ఎవరూ చూడకుండా ఒక్క అడుగు లోపల పెట్టి చూసుకోవాలనుకుంది. తెల్లారాక, నీళ్లకు పోయొస్తానని చెప్పి బయలుదేరింది.

ఇంటి మలుపు దగ్గర ఒకసారి ఆగి, మళ్లీ నడిచింది. గోడల మీద కిటికీ ఎత్తున బురద చార. లోపలినుంచి ధన్‌మని చప్పుడు వినబడింది. శివలీల రెండడుగులు వెనక్కి వేసింది. నీళ్లు లేనిచోట ఈ చప్పుడేమిటని, కిటికీలోంచి తొంగిచూసింది.

వంటింటి నడుమ మామ నిలబడి ఉన్నాడు. పంచె ఎగగట్టి ఉంది. ఒంటి నిండా బురద. చేతిలో పొడుగాటి వెదురుకట్టె. ఎదురుగా, పడగెత్తిన నాగుపాము.

శివలీల కొంగు నోట్లో కుక్కుకుంది.

"పా అప్పా, పా" అంటున్నాడు ఓబుళేశు, బస్సులో జనాన్ని లోపలికి జరగమన్నట్టు. "నీ ఇల్లూ మునిగిందని నాకు తెలుసు. అయినా ఇది మా శివలీల వంటిల్లు. నువ్వుంటే ఆ బిడ్డ యాడికి పోవల్ల?"

కట్టెతో మెల్లగా తోసి, పామును అడ్డంగా పడుకోబెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ములోకి ఎక్కించి, ధన్‌మని మూతేశాడు. డ్రమ్మెత్తుకొని పెరటి వెనక కంపచెట్లలోకి పోయి, దాన్ని వదిలేసి వచ్చాడు. వచ్చి చూస్తే పగిలిన తలుపు దగ్గర కోడలు. డ్రమ్ము దించి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకున్నాడు.

"అమ్మో శివలీలా! పామమ్మా!"

"ఇంక సాలు మామా" అంది శివలీల. నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. "బస్టాండులో టీ ఇదేనా?"

అప్పుడు చూసింది లోపలికి. బురద చుక్క లేదు. వంటగట్టు కడిగి ఉంది. సిలిండరును బయటికి చేర్చి, గొలుసుతో స్తంభానికి కట్టేశాడు.

ఓబుళేశు మెట్టు మీద కూర్చున్నాడు.

"బస్సులో నేర్చుకున్న విద్యమ్మా ఇది. గువ్వలచెరువు ఘాటు రోడ్డు మలుపుల్లో ఒకామె కండ్లు మూసుకొని వణుకుతాంటే పక్కనోళ్లు నవ్వినారు. నేను 'డ్రైవరన్నా, నాకు శానా భయమైతాంది!' అని అరిస్తి. నవ్వంతా నా మీదికొచ్చె. ఆమె కండ్లు తెరిచి, నాకే ధైర్యం చెప్పె. అప్పటినుంచి యాడికి పోయినా ముందు నేనే భయపడతా. వెనకాల ఎవరన్నా ఉంటే వాళ్లకు సిగ్గు తప్పుతాది."

"నా చేతులు చూసినావా మామా?"

"కొంగులో చుట్టుకుంటే కనపడవనుకున్నావా?"

అంతలో ధనుంజయ, రాజ్యలక్ష్మమ్మ మూటలతో వచ్చారు. ఓబుళేశు చటుక్కున లేచి స్తంభాన్ని వాటేసుకున్నాడు. "నేను లోపలికి రాను! నాకు..."

"అత్తా, భయం నాకు" అంది శివలీల. కొంగులోంచి చేతులు తీసి చూపించింది. "ఈ గడప దాటాలంటే ఇట్ల వణుకుతాండాయి."

ఎవరూ నవ్వలేదు. రాజ్యలక్ష్మమ్మ మూట దించింది. "నాకు మాత్రం లేదా తల్లీ? కండ్లు మూస్తే నీళ్లే కనబడతాండాయి. మీ మామను తిడతాంటే కొంచెం తేలిగ్గా ఉంటాదని తిడతాంటి."

"నీ కేకలు నాకింకా వినబడతాండాయి" అన్నాడు ధనుంజయ, తల వంచుకొని.

ఓబుళేశు స్తంభాన్ని వదిలేశాడు. ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు.

"బాగుందప్పా! అందరూ మీరే భయపడితే ఇంగ నేనేం జేయల్ల?"

ఉద్యోగం పోయినవాడిలా గొణుక్కుంటూ, ఆయనే ముందు గడప దాటి, కోడలికి చెయ్యి అందించాడు.